ఏడాది నిండకముందే: తొలి ఉద్యోగం వదిలిన ఒక ఫార్మసిస్టు కేసు

తిరుపతి చుట్టుపక్కల ఫార్మసీ చదివి మందుల షాపుల్లోనో ఆసుపత్రి ఫార్మసీల్లోనో చేరిన పిల్లలు మొదటి ఏడాదిలో ఎప్పుడో ఒకసారి నాకు ఫోను చేస్తారు. నేను ఫార్మసీ ప్రాక్టీస్ పాఠం చెబుతాను. అంతకుముందు చాలాకాలం కౌంటర్ వెనక నిలబడి పనిచేశాను కాబట్టి వాళ్ల కష్టం నాకు విడమరిచి చెప్పనక్కరలేదు. అడిగే మాట దాదాపు ఒకటే: "మేడమ్, మానేయమంటారా?" ఎక్కువమందికి "ఇంకొన్నాళ్లు ఉండు" అనే చెబుతాను. మూడో నెలలో ఏడ్చినవాళ్లు ఎనిమిదో నెలలో కొత్తవాళ్లకు పని నేర్పడం ఎన్నోసార్లు చూశాను. ఈ కేసులో ఆ జవాబు చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో, ఏ మలుపులో ఏమి ఆలోచించామో రాసి పెడుతున్నాను. ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. ఎవరో పోల్చుకోవడానికి వీలిచ్చే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. ఇంట్లో పాడి, కొద్దిపాటి వేరుశనగ. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో బీఫార్మసీ పూర్తిచేసింది. తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. నెల తిరిగేసరికి జీతం రావడం ఆ ఇంట్లో ఈమెతోనే మొదలు. తరగతిలో పెద్దగా నోరు విప్పేది కాదు. ల్యాబ్ రికార్డు మాత్రం కొట్టివేత లేకుండా రాసేది.

చేరింది తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిని ఆనుకుని ఉన్న, 24 గంటలూ తెరిచే మందుల షాపులో. జీతం 14,000. హాస్టలుకు 5,500 కట్టి, ఇంటికి 5,000 పంపేది. లైసెన్సులో ఇద్దరు రిజిస్టర్డ్ ఫార్మసిస్టుల పేర్లున్నాయి. ఒకటి ఈమెది. రెండోది షాపు వైపు ఎప్పుడూ రాని ఒకరిది. సర్టిఫికెట్ అద్దెకు ఇవ్వడమంటే ఇదే: డబ్బు తీసుకుని లైసెన్సుకు పేరు మాత్రం ఇవ్వడం, పనికి రాకపోవడం. మిగతావాళ్లు ఏళ్ల తరబడి కౌంటర్ మీద ఆరితేరిన కుర్రాళ్లు. ఏ మందు ఏ అరలో ఉందో, దానికి బదులు ఏ కంపెనీది ఉందో కళ్లు మూసుకుని చెప్పగలరు. మందు ఒంట్లోకి వెళ్లి ఏమి చేస్తుందో వాళ్లకు తెలియదు, తెలియాలని ఎవరూ ఆశించరు కూడా.

తిరుపతి కౌంటర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మామూలు ఊళ్లో షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది తెలిసిన ముఖాలే ఉంటారు. ఎవరికి షుగరో, ఎవరికి గుండె జబ్బో షాపువాళ్లకు గుర్తుంటుంది. ఇక్కడ కౌంటర్ ముందు నిలబడిన మనిషి మళ్లీ కనిపించడు. బీపీ మాత్రలు ఇంట్లో మరిచిపోయి వచ్చిన యాత్రికుడు ఫోనులో ఖాళీ షీటు ఫొటో చూపిస్తాడు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కి దిగినవాళ్లు మోకాళ్ల నొప్పికి "గట్టిది" ఇమ్మంటారు. ఘాట్ రోడ్డులో వాంతులు చేసుకున్న పిల్లలను భుజాన వేసుకుని తల్లులు వస్తారు. తమిళం, కన్నడం, హిందీ అన్నీ ఒకేసారి వినిపిస్తాయి. చీటీ చాలామంది దగ్గర ఉండదు, రైలు టైము మాత్రం అందరికీ ఉంటుంది. పొరపాటున ఒక మందు తప్పుగా వెళ్లిందంటే వెనక్కు పిలవడానికి పేరూ ఉండదు, ఊరూ ఉండదు. ఆ అమ్మాయి భయానికి మూలం ఇక్కడ ఉంది. అది ఆమె పిరికితనం అని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

వచ్చిన సమస్య

ఏడో నెలలో వచ్చింది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. నిద్ర సరిగా పట్టడం లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చి, ముందురోజు ఇచ్చిన మందులు వరుసగా గుర్తుకొస్తాయి. ఏ షీటు ఎవరికి ఇచ్చానో అని మనసులో బిల్లులు తిరగేస్తుంది. తిండి తగ్గింది. ఇంట్లో చెబితే "ఏడాదైనా చేయకుండా మానేస్తే ఇంకెవరు ఉద్యోగం ఇస్తారు" అన్నారు. హాస్టల్లో స్నేహితురాళ్లు "రేపే మానేయ్" అన్నారు. రెండు సలహాల్లోనూ ఆ షాపులో ఏమి జరుగుతోందన్న ప్రశ్న లేదు.

అంతకు నాలుగు రోజుల ముందు జరిగింది ఇది. సాయంత్రం ఏడు దాటింది, ఓపీ వదిలారు, కౌంటర్ ముందు జనం రెండు వరుసలు. ఒక పెద్దావిడకు కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ 7.5 మిల్లీగ్రాములు రాశారు, వారానికి ఒక్కసారి. తోడుగా ఫోలిక్ యాసిడ్. బిల్లు కొట్టిన కుర్రాడు అలవాటు చొప్పున రెండు షీట్ల మీదా పెన్నుతో "ఉదయం 1" అని రాసి కవరులో వేశాడు. ఈమె సంచీ అందించబోతుంటే ఆవిడ కూతురు అడిగింది: "రెండూ రోజూ వేయాలా అమ్మా?" ఈమె షీటు చేతిలోకి తీసుకుని చూసింది. ఆ మందు వారానికొకటి బదులు రోజూ వేసుకుంటే నోరు పూయడంతో మొదలై ఎముక మజ్జ దెబ్బతినే దాకా పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచమంతా పదేపదే హెచ్చరించే పొరపాట్లలో ఇదొకటి. పెన్ను గీత కొట్టేసి, "ఆదివారం ఒక్కటే" అని రాసి, కూతురి చేత రెండుసార్లు చెప్పించి పంపింది. కుర్రాడు నవ్వి, "దొరికిందిగా అక్కా, ఇంకేం" అన్నాడు.

ఆమెను కుదిపేసింది పొరపాటు కంటే ఈ మాట. దొరకడానికి కారణం షాపు కాదు, తాను కూడా కాదు. ఆ కూతురు అడగకపోతే సంచీ వెళ్లిపోయేది.

మొదట ఏమి చేశాం

ఆ రోజు నిర్ణయం గురించి మాట్లాడనివ్వలేదు. రాత్రంతా మేలుకున్న మనిషి చేత ఉద్యోగం గురించి నిర్ణయం చేయించకూడదన్నది నేను పట్టుబట్టే విషయం. ముందు అడగాల్సినవి వేరే ఉంటాయి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను. లేదంది. అయినా టెలీమానస్ నంబరు 14416 ఆమె ఫోనులో వేయించాను. మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఉచిత ప్రభుత్వ ఫోను సేవ అది, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత ఒక వైద్యురాలి దగ్గరకు పంపాను. ఉద్యోగ ఒత్తిడి అని మనం పేరు పెట్టేసిన దాంట్లో థైరాయిడో రక్తహీనతో దాక్కుని ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో బర్నవుట్‌ను జబ్బుగా కాకుండా, అదుపులో పెట్టలేకపోయిన పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా రాశారు. అలా అనుకునే ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి కదా.

హిమోగ్లోబిన్ తొమ్మిది పైచిలుకు వచ్చింది. ఆడవాళ్లకు పన్నెండు ఉండాలి. రోజూ పదిమందికి ఐరన్ మాత్రలు అందించే చేతులివి. ఇంట్లోవాళ్లు ఈ రిపోర్టును పట్టుకున్నారు: రక్తం తక్కువ, అందుకే నీరసం, మాత్రలు వేసుకుంటే అంతా సర్దుకుంటుంది. నేను దాన్ని కొట్టిపారేయలేదు. మాత్రలు వేసుకుంటూ ఆరు వారాలు చూద్దాం, తగ్గేది ఏది, మిగిలేది ఏది అని గమనిద్దాం అన్నాను. ఆరు వారాలకు కాళ్ల పీకులు, మెట్లెక్కితే ఆయాసం తగ్గాయి. మూడు గంటల మెలకువ తగ్గలేదు. ఒంటి వాటా ఎంతో, షాపు వాటా ఎంతో అలా కొంతవరకు విడిపోయింది.

అదే సమయంలో ఒక నోటుబుక్కు పెట్టించాను. డ్యూటీ దిగాక, పడుకునే ముందు, ఆ రోజు మనసుకు గుచ్చుకున్నవి మూడుకు మించకుండా రాయాలి. ప్రతిదాని పక్కనా కారణం మూడు మాటల్లో ఒకటి: తెలియక, చాలక, కూడక. తనకు పని తెలియక జరిగినది మొదటిది. మనుషులో సమయమో చాలక జరిగినది రెండోది. చేయకూడనిది చేయమన్నందుకు కలిగిన బాధ మూడోది. ఎందుకీ మూడే అంటే, మందు మూడింటికీ వేరు. మొదటిది ఉన్నచోటే ఉంటే తగ్గుతుంది. రెండోది యజమాని తలచుకుంటే తగ్గుతుంది. మూడోదానికి ఎంతకాలం ఉన్నా అనుభవం రాదు, అలవాటు వస్తుంది. అలవాటు కావడం ఇంకా ప్రమాదం.

నోటుబుక్కు చెప్పింది

ఆమె అనుమతితో కొన్ని వాక్యాలు ఉన్నవి ఉన్నట్లు:

"హిందీ ఆయన ఏమి అడుగుతున్నాడో అర్థం కాక మూడు మందులు తీసి చూపించాను. విసుక్కుని వెళ్లిపోయాడు. తెలియక."

"గ్లిమిపిరైడ్ 1 అడిగితే 2 తీశాను. బిల్లు దగ్గర చూసుకుని మార్చాను. ముందు ఎనిమిది మంది ఉన్నారు. చాలక." (గ్లిమిపిరైడ్ షుగర్ మందు; 1, 2 అన్నవి మోతాదులు.)

"నిన్న నాకు సెలవు. నిన్నటి బిల్లుల మీద ఇవాళ సంతకాలు పెట్టమన్నారు. పెట్టాను. కూడక."

"అల్ప్రాజోలం చీటీ లేకుండా వెళ్లింది. నెలాఖరులో రిజిస్టరులో పక్క ఆసుపత్రి డాక్టరు పేరు వేయమన్నారు. కూడక."

మొదటి రెండు వారాలు పేజీలనిండా "తెలియక" కనిపించింది. డాక్టర్ల చేతిరాత, కొత్త బ్రాండ్లు, అరల వరుస, భాషలు. నాలుగో వారానికి అవి పలచబడ్డాయి. నేను ఎదురుచూసింది ఇదే. "చాలక" అలాగే ఉంది, ముఖ్యంగా సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది వరకు. "కూడక" అన్నవి లెక్కకు తక్కువే. కానీ అవి రాసిన రోజుల్లో చేతిరాత మారిపోయింది. కొట్టివేతలు, సగంలో ఆపేసిన వాక్యాలు. మూడు గంటల మెలకువ ఏ రోజుల్లో వచ్చిందో ఆమె చేతనే గుర్తులు పెట్టించాను. ఎక్కువగా ఆ రోజులే.

ఇక్కడ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు చేతుల మీదుగానో, వారి స్వయం పర్యవేక్షణలోనో వెళ్లాలని 1945 నాటి ఔషధ నియమాల్లో 65వ నియమం చెబుతుంది. ఆ సరఫరా వివరాల కింద ఉండాల్సిన సంతకం ఆ ఫార్మసిస్టుదే. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ రిజిస్టర్డ్ ఫార్మసిస్టు కానివాళ్లు చీటీ మందులు ఇవ్వడాన్ని నిషేధించింది. షెడ్యూల్ హెచ్1 (చీటీ లేకుండా ఇవ్వకూడని, ప్రత్యేక నిఘా ఉన్న మందుల జాబితా) మందులకు 2014 మార్చి నుంచి విడి రిజిస్టరు తప్పనిసరి అయింది. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం రాసి, ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. అల్ప్రాజోలం, జోల్పిడెమ్ లాంటి మత్తు కలిగించేవే కాకుండా, జనం జలుబుకు కూడా అడిగే సెఫిక్సిమ్ కూడా ఆ జాబితాలో ఉంది. కాబట్టి ఆమె పెట్టిన సంతకం మొహమాటానికి పెట్టినదైనా, రేపు తనిఖీ వస్తే అది ఆమె సాక్ష్యం. "నేను ఆ రోజు ఊళ్లో లేను" అంటే ఇంకా చిక్కు.

ఒత్తిడి అనే ఒక్క మాట కింద ఇవన్నీ కలిపేసినంత కాలం ఉండాలా మానాలా అన్నది తేలదు. ఒత్తిడి ఎంత ఉందని అడిగితే ఆమె ఒక రోజు పదికి తొమ్మిది అంది, ఇంకో రోజు నాలుగు అంది. ఆ అంకెతో నాకేమీ తెలియలేదు.

ఫలించనివి

మానడం గురించి ఆలోచించే ముందు, ఉన్నచోట మార్చగలిగినవి మార్చి చూడాలన్నాను. పని మార్చకుండా షాపు మార్చినవాళ్లు అదే బాధను ఇంకో వీధిలో పడటం చూశాను.

పొరపాట్ల మీద మొదట పడ్డాం. పేరు దగ్గరగా ఉండేవి, పెట్టె రంగు ఒకేలా ఉండేవి, మోతాదు మాత్రమే తేడా ఉండేవి విడి అరల్లోకి మార్చింది. మెథోట్రెక్సేట్ షీట్లకు "వారానికి ఒక్కసారే" అని ఎర్ర స్టిక్కర్లు అంటించింది. మందు అందించేటప్పుడు రోగి చేతనే ఎలా వేసుకోవాలో చెప్పించడం మొదలుపెట్టింది. ఇవన్నీ మంచి పద్ధతులే, ఇప్పటికీ నేర్పుతాను. ఆమె షిఫ్టులో బాగా పనిచేశాయి. షిఫ్టు మారగానే స్టాకు ఎవరి ఇష్టం వచ్చిన చోట వాళ్లు సర్దేవారు. స్టిక్కర్ల కట్ట ఒకరోజు చెత్తబుట్టలో దొరికింది. చిందరవందరగా ఉందని ఊడ్చే ఆమె పారేసిందట. ఎవరి పనీ కాని పని ఎప్పుడూ అలాగే పోతుంది.

తర్వాత షిఫ్టు మార్పు అడిగింది. రాత్రి నుంచి పగటికి ఇచ్చారు. నిద్ర కొంచెం కుదిరింది. కానీ పగలు ఓపీ రద్దీ, పైగా రాత్రి డ్యూటీకి ఇచ్చే అదనపు డబ్బు పోయింది. మేలు కంటే నష్టమే ఎక్కువని ఆమె తేల్చింది. నాకు అంత తేడా అనిపించలేదు గానీ, ఆ లెక్క ఆమెది.

మిగిలింది యజమానితో మాట్లాడటం. దీనికి బాగా తయారయ్యాం. "నాకు కష్టంగా ఉంది" అన్న మాటతో వెళ్తే "అందరికీ కష్టమేనమ్మా" అన్న జవాబు వస్తుంది. అందుకని ఆయనకు ఏది నష్టమో అది చెప్పమన్నాను: తప్పు మందు వెళ్తే షాపు పేరు పోతుంది, రిజిస్టరు తప్పుగా ఉంటే లైసెన్సు మీదికి వస్తుంది. ఇంకో పని చేశాం. మాట్లాడటానికి ముందే, ఏమి జరిగితే ఉండాలో ఏమి జరిగితే పోవాలో కాగితం మీద రాసి, కింద తేదీ వేయించాను. ఎదుటిమనిషి మంచిగా మాట్లాడితే కరిగిపోయే అమ్మాయి. మాటకు ముందే గీత గీయకపోతే, మాట తర్వాత గీయలేదు.

ఆ కాగితంలో రాసింది ఇదీ. సాయంత్రం రద్దీకి ఇంకొకరు కావాలి, దీనికి రెండు నెలలు ఆగవచ్చు. తాను లేని రోజు బిల్లుల మీద తన సంతకం ఉండకూడదు, హెచ్1 రిజిస్టరు అమ్మిన రోజే నిజంగా ఉన్న చీటీ చూసి రాయాలి. ఈ రెండింటికీ గడువు లేదు, బేరం లేదు.

యజమాని చెడ్డవాడేమీ కాదు. టీ తెప్పించి కూర్చోబెట్టి విన్నాడట. సాయంత్రానికి ఒక కుర్రాడిని ఇచ్చాడు. మూడు వారాలు బాగానే నడిచింది. బ్రహ్మోత్సవాలు దగ్గరపడగానే ఆ కుర్రాడిని ఇంకో బ్రాంచికి పంపారు. గరుడ సేవ నాడు ఈమె మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా కౌంటర్ వదల్లేదు. అయినా రెండు నెలల గడువు ఉంది కాబట్టి దాని మీద నిర్ణయం తీసుకోలేదు. సంతకాల విషయంలో మాత్రం జవాబు అప్పుడే వచ్చింది: "అందరూ అలాగే చేస్తారమ్మా. ఇన్‌స్పెక్టర్ సంగతి నేను చూసుకుంటాను."

నిర్ణయం

కాగితం తీసి చూసుకున్నాం. తేల్చాల్సింది పెద్దగా మిగలలేదు. అప్పటికి తొమ్మిది నెలలు దాటాయి. మిగిలిన ప్రశ్న ఎప్పుడు అన్నదే. ఇంట్లోవాళ్లు ఏడాది పూర్తి చేయమంటున్నారు. ఆ మాటలో పస లేకపోలేదు. కొన్ని ఆసుపత్రులు ఏడాది అనుభవం అడుగుతాయి, మధ్యలో మానేసినవాళ్లను ఎందుకు మానేశారని అడుగుతాయి. అందుకని ఒక్కో నెల ఖరీదు లెక్కవేశాం. ఇంకో మూడు నెలలు ఉంటే వచ్చేది: అనుభవ పత్రంలో పన్నెండు అన్న అంకె. పోయేది: మూడు నెలల బిల్లుల మీద, రిజిస్టరు మీద ఆమె సంతకం. ఆ అనుభవ పత్రాన్ని విలువైనదిగా చేసే రిజిస్ట్రేషనే ఆ సంతకాలతో ప్రమాదంలో పడుతుంది. ఏడాది నియమం "తెలియక" అన్న బాధకు మంచి మందు. ఈ కేసుకు అది తగదు.

మరి రేపే మానేయవచ్చు కదా? దానికి నేను ఒప్పుకోలేదు. చేతిలో ఒక నెల ఖర్చుకు సరిపడా డబ్బు కూడా లేదు. నియామక పత్రంలో నెల రోజుల నోటీసు ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమాని బీరువాలో ఉన్నాయి. అందుకే రెండింటిని విడదీశాం. తప్పు సంతకాలు ఆ రోజు నుంచే ఆపాలి. ఉద్యోగం మాత్రం పద్ధతిగా వదలాలి. తాను లేని రోజు బిల్లులు ముందుకు తోసినప్పుడు "నేను ఉన్న రోజువి పెడతాను సార్" అని మాత్రమే అనమన్నాను. వాదన వద్దు, ఉపన్యాసం వద్దు. మొదటిసారి గొంతు వణికిందట. రెండోసారి ఆ కట్ట ఆమె ముందుకు రాలేదు.

ఇంట్లో ఒప్పించింది నేను కాదు. తండ్రి తిరుపతి వచ్చినప్పుడు ఒత్తిడి, నిద్ర, పొరపాట్లు అన్నీ చెప్పి చూసింది. ఆయన వింటూ ఉన్నారు, "మేమూ పడ్డాం కదమ్మా" అన్నారు. చివర్లో లేని రోజు బిల్లుల మాట ఎత్తింది. ఆయన తిరిగి చూసి, "నువ్వు చూడని దాని మీద సంతకం పెట్టావా?" అని అడిగారు. ఒక బంధువు అప్పుకు జామీను సంతకం పెట్టి, ఆ బాకీ తీర్చడానికి రెండు ఆవులు అమ్ముకున్న మనిషి ఆయన. ఇంకేమీ అడగలేదు. ఏడాది సంగతి మళ్లీ ఎత్తలేదు.

పనిచేసినవి

పని వెతకడానికి మిగిలిన సెలవులు వాడుకుంది. డ్యూటీలు చేస్తూ వెతకడం కుదరలేదు, అలసటతో దొరికిన మొదటి దానికి ఊఁ అనేసేలా ఉంది. అందుకని రెండు షరతులు పెట్టాను. ఇంటర్వ్యూలో మూడు ప్రశ్నలు ఆమే అడగాలి: రిజిస్టర్డ్ ఫార్మసిస్టులు ఎందరు, రాత్రి ఎవరు ఉంటారు, హెచ్1 రిజిస్టరు ఎవరు ఎప్పుడు రాస్తారు. తర్వాత, చేరతానని చెప్పే ముందు ఒక సాయంత్రం ఏడు గంటలకు మామూలు మనిషిలా వెళ్లి ఆ కౌంటర్ దగ్గర అరగంట నిలబడి చూడాలి. తిరుపతిలో ఒక చోట ప్రశ్నలకు చక్కటి జవాబులు వచ్చాయి, సాయంత్రం వెళ్లి చూస్తే కౌంటర్ మీద ఒక్క ఫార్మసిస్టు లేరు. వదిలేసింది. అక్కడ జీతం 16,000. అది వదలడం సులువు కాలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చిత్తూరులో ఒక చిన్న ఆసుపత్రి ఫార్మసీ దొరికింది. జీతం 12,500. ఇద్దరు ఫార్మసిస్టులు, రాత్రి ఒకరి తర్వాత ఒకరు. రిజిస్టరు కౌంటర్ మీదే, దారం కట్టిన పెన్నుతో ఉందని చూసి వచ్చి చెప్పింది. ఊరికి దగ్గర కాబట్టి హాస్టలు ఖర్చు తగ్గింది. అయినా తమ్ముడి ఫీజు సమయానికి చేయి ఆడలేదు. తల్లి డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది.

నియామక పత్రం చేతికి వచ్చాకే రాజీనామా ఇచ్చింది. అంతకుముందే సర్టిఫికెట్లు రాతపూర్వకంగా అడిగించాను. వారం తిప్పి ఇచ్చారు. రాజీనామా రెండు ప్రతులు, ఒకదాని మీద అందినట్లు సంతకం, తేదీ. ఇక్కడ చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఫార్మసిస్టు షాపు నుంచి బయటికి వచ్చినంత మాత్రాన లైసెన్సులోంచి పేరు బయటికి రాదు. యజమాని మార్పు తెలియజేస్తాడని నమ్మి ఊరుకుంటే, మానేసిన షాపుకు మనమే బాధ్యులుగా కాగితాల్లో మిగిలిపోతాం. ఏ తేదీ నుంచి అక్కడ పనిచేయడం లేదో ఔషధ నియంత్రణ శాఖ కార్యాలయానికి ఆమె స్వయంగా రాసిచ్చి, ముద్ర వేయించిన నకలు దాచుకుంది. వెళ్లిపోతున్నది ఒక ఉద్యోగి అన్నప్పుడు యజమానికి రాని కోపం ఈ ఉత్తరంతో వచ్చింది. అనుభవ పత్రం మాత్రం ఇచ్చారు, పదకొండు నెలలకు.

కొత్తచోట మొదటి రెండు నెలలు కూడా ప్రతి మందూ మూడుసార్లు చూసేది. పక్కనున్న సీనియర్ ఫార్మసిస్టు "నువ్వు ఒకసారి చూడు, నేను ఒకసారి చూస్తాను, చాలు" అన్నాడట. మూడు గంటల మెలకువ మెల్లగా తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. రద్దీ ఎక్కువైన రోజు ఇప్పటికీ వస్తుందట.

ఇప్పుడు నేను వాడుతున్నవి

"మానేయమంటారా" అని వచ్చేవాళ్లకు ఇప్పుడు ముందు నోటుబుక్కు ఇస్తాను. నాలుగు వారాలయ్యాక "తెలియక" పలచబడుతుంటే ఉండమంటాను, వాళ్లు ఎంత ఏడ్చినా సరే. "చాలక" అయితే అడగమంటాను, గడువు పెట్టమంటాను. "కూడక" ఒక్కటి కనిపించినా ఎన్ని నెలలయిందని అడగడం మానేశాను. అబ్బాయిలు ఆ మూడో మాట రాయడానికి సిగ్గుపడతారు, అడిగి రాయించాలి. కిందటి ఏడాది ఒక డీఫార్మసీ కుర్రాడి పుస్తకంలో అన్నీ "తెలియక" లే వచ్చాయి. ఉండమన్నాను. తిట్టుకుంటూ ఉన్నాడు, ఇప్పుడు అదే షాపులో స్టోరు చూస్తున్నాడు.

ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. ఇంటికి డబ్బు పంపే పిల్లలకు "గడువు లేదు, బేరం లేదు" అన్న మాట సులువుగా చెప్పలేం. ఈ అమ్మాయికి ఊరికి దగ్గరలో పని దొరికింది, తల్లికి సంఘం ఉంది. రెండూ లేకపోతే తప్పు సంతకాలు ఆపి, ఉద్యోగంలోనే ఇంకా ఎక్కువకాలం నలగాల్సి వచ్చేది. అలాంటివాళ్లు ఇద్దరు ప్రస్తుతం నా దగ్గరకు వస్తున్నారు.

చివరి నెల జీతంలో పదకొండు రోజుల డబ్బు ఆ షాపు నుంచి ఇంకా రాలేదు. రెండుసార్లు ఫోను చేసి వదిలేసింది. వదలవద్దని, ఈసారి రాతపూర్వకంగా అడగమని చెప్పాను. ఉత్తరం రాసింది, ఇంకా పోస్టు చేయలేదు.